ఎత్తుగడలు మనవి, కుర్రాళ్లు ఎవరివాళ్లు?

ఫుట్‌బాల్ అభిమానుల తగవులు ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి మూడింటి దగ్గరే తేలతాయి. కోచ్ జట్టును ఎట్లా నిలబెట్టాడు, కుర్రాళ్లను దింపుతున్నాడా బెంచీ మీద ఎండబెడుతున్నాడా, యాజమాన్యం డబ్బులు పోసి ఎవరిని తెచ్చింది. లివర్‌పూల్‌లోనైనా కోల్‌కతాలోనైనా ఇదే వరస. ఖమ్మంలోనూ ఇదే. కాకపోతే ఇక్కడ వాదించేవాళ్లలో ఎక్కువమంది తాము ప్రాణం పెట్టి వాదించే జట్టును కళ్లెదుట మైదానంలో చూసినవాళ్లు కారు. చూసిందంతా ఫోన్‌లో, అర్ధరాత్రి, డేటా అయిపోయేదాకా.

పెవిలియన్ గ్రౌండ్ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర ఆదివారం సాయంత్రం చెవి ఒగ్గితే ఇట్లాంటి మాటలు వినబడతాయి.

"ముగ్గురు డిఫెండర్లతో ఆడితే మధ్యలో ఖాళీ పడుద్ది బావా. ఆ ఖాళీలోంచే కొడుతున్నారు."

"ఖాళీ కాదురా, అటూ ఇటూ ఉరికే ఆ ఇద్దరికి దమ్ము లేదు. కొత్తోణ్ని కొనాలి."

"కొనుడెందుకు? అకాడమీ పిల్లగాడున్నాడుగా, వాణ్ని దింపితే పోలా!"

మాట్లాడేది మాంచెస్టర్ యునైటెడ్ గురించి. మాట్లాడేవాళ్లలో ఒకరు మిర్చి మార్కెట్లో పని చేసే మనిషి, ఇంకొకరు డిగ్రీ కుర్రాడు. ఇద్దరికీ ఆట తెలుసు. ఎవరు ఎక్కడ నిలబడితే ఎవరికి దారి దొరుకుతుందో టేబుల్ మీద టీ గ్లాసులు పేర్చి చూపించగలరు. వీళ్లను వెక్కిరించే పని నేను పెట్టుకోను. ఏ ఆటకైనా ఇట్లాంటి తగవే ఊపిరి. అయితే ఆ మూడు ప్రశ్నలనే మన నేల మీదికి తెచ్చి అడిగితే ఏమవుతుంది? ఎత్తుగడలు, కుర్రాళ్లు, కొనుగోళ్లు అనే ఈ మూడింటిలో తెలుగువాళ్ల చేతిలో ఉన్నదేది, ఎప్పుడూ లేనిదేది? ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి గోదావరి దాటి అడవి అంచుదాకా నిలబడి చూస్తే జవాబు కాస్త చేదుగానే ఉంటుంది.

ముందు ఎత్తుగడల సంగతి. ఇందులో మనం ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. భారత ఫుట్‌బాల్‌కు ఆలోచన నేర్పింది హైదరాబాద్ బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, నగరంలో బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత జట్టును తీర్చిదిద్దారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం ఆయన హయాంలోనివే. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' పుణ్యమా అని ఈ పేరు కొత్త తరానికి కొంత తెలిసింది.

సినిమాలో పతకాలు కనబడతాయి. నాకు వాటికన్నా ఆసక్తిగా అనిపించేది ఆయన పిల్లలకు పెట్టిన పోటీలు. బంతిని కాలికి అంటించుకుని దొర్లించుకుంటూ పోకూడదు, అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి అనే నియమంతో టోర్నమెంట్లు పెట్టారు. అలవాటు లేని కాలితోనే తన్నాలి అని ఇంకో రకం పోటీ పెట్టారు. అప్పట్లో మన దేశంలో గొప్ప ఆటగాడంటే నలుగురిని బోల్తా కొట్టించి ఒంటరిగా పోయేవాడు. రహీం దాన్ని తలకిందులు చేశారు. మనిషికన్నా బంతి వేగంగా పోతుంది కాబట్టి బంతినే పరుగెత్తించమన్నారు. ఇప్పుడు మన కుర్రాళ్లు స్పెయిన్ జట్లను చూసి మురిసిపోయే పొట్టి పాసుల ఆటకు కావలసిన అలవాటును ఆయన హైదరాబాద్ బడి పిల్లల కాళ్లకు ఏడెనిమిది దశాబ్దాల కిందటే ఎక్కించారు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత్ 1–10 తేడాతో యుగోస్లావియా చేతిలో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అదే ఒలింపిక్స్‌లో హంగరీ బంగారం గెలిచింది. మరుసటి ఏడు నవంబరులో అదే హంగరీ వెంబ్లీకి వెళ్లి ఇంగ్లండ్‌ను 6–3తో ఓడించింది. ముందు వరుసలో నడుమ నిలబడాల్సిన హిదెగ్‌కుటి వెనక్కి జరిగి ఆడేసరికి ఆయన్ని పట్టుకోవాల్సిన డిఫెండరుకు దిక్కుతోచలేదు. రహీం ఈ కిటుకును పట్టుకుని మన జట్టుకు తగ్గట్టు మార్చారు. మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో కొట్టినప్పుడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల్లో తయారైనవాళ్లు అరడజనుకు పైనే ఉన్నారు. బ్రెజిల్ 1958లో ప్రపంచకప్ గెలిచి 4-2-4 అమరికకు పేరు తెచ్చేలోపే రహీం దాన్ని ప్రయత్నించి చూశారని ఆయన దగ్గర ఆడినవాళ్లు చెప్పేవారు.

జకార్తా సంగతి ఇంకా గొప్పది. గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిన జట్టే ఫైనల్లో అదే కొరియాను 2–1తో ఓడించింది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసకు పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. అప్పటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎత్తుగడలు కోచ్ బుర్రలో పుడతాయని మన అభిమానులు అనుకుంటారు. రహీంకు బుర్ర ఉంది, నిజమే. దానికి తోడు ఆయన చేతి కింద నగరం లీగ్ ఉంది, బడులున్నాయి, సాయంత్రమైతే ఆడే వందల మంది పిల్లలున్నారు. ఒక ఆలోచన వస్తే మర్నాడే మైదానంలో పెట్టి చూసే వీలుంది. వీటన్నిటికీ మించి పోలీసు శాఖ ఉంది. బాగా ఆడే కుర్రాడికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో చోటు, దాంతో పాటు నెల జీతం. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో కోల్‌కతా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ ఎత్తుకొచ్చింది. కుర్రాడి వాళ్ల ఇంట్లో "ఆడితే ఏమొస్తది?" అని అడిగితే చూపించడానికి ఖాకీ చొక్కా ఉండేది. ఈ ఖాకీ సంగతి గుర్తు పెట్టుకోండి, అడవి అంచుకు పోయాక మళ్లీ వస్తుంది.

ఇక కొనుగోళ్లు. ఈ విషయంలో మన చరిత్ర రెండు ముక్కలు. మొదటి ముక్కలో మనం అమ్ముడుపోయినవాళ్లం. రెండో ముక్కలో కొన్నవాళ్లం. రెండింటిలోనూ మిగిలింది తక్కువే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్ ఆడి వచ్చాక 1957లో కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. అనారోగ్యంతో ఇరవై ఏడేళ్లకే ఆట మానేసి, బెంగాల్‌లోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయారు. మహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టారు. కోల్‌కతా అభిమానులకు ఆయన 'బడే మియా'. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మాస్‌తో మోహన్ బగాన్ 2–2తో ఆట ముగించినప్పుడు అందులో ఒక గోల్ హబీబ్‌ది. నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... జాబితా పెద్దది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టుకు నాయకుడు నయీముద్దీనే.

వాళ్లు పోవడంలో తప్పేమీ లేదు. డబ్బు, జనం, పేరు ఉన్నచోటికి ఆటగాడు పోతాడు. తప్పల్లా పోయినవాడి చోట్లో ఇంకొకడు తయారయ్యే ఏర్పాటు ఆగిపోవడం. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కు 1956–57లో, 1957–58లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కు 1965–66లో వచ్చింది. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో దేనికీ రాలేదు. రహీం పోయిన రెండు మూడేళ్లకే గెలుపులు ఆగిపోవడం కాకతాళీయం కాదనే నా నమ్మకం.

రెండో ముక్క 2019లో మొదలైంది. పుణె సిటీ జట్టు స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలి మైదానం, పసుపు నలుపు చొక్కాలు, దక్కన్ లీజియన్ అనే అభిమానుల దండు. మొదటి ఏడు అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెస్ వచ్చాక కథ మారింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రాళ్లను ధైర్యంగా దింపాడు. వాళ్లకు తోడు 37 ఏళ్ల నైజీరియా ఫార్వర్డ్ ఓగ్బెచె 2021–22లో 18 గోల్స్ కొట్టాడు. ఎత్తుగడ, కుర్రాళ్లు, కొనుగోలు మూడూ ఒకేసారి కుదిరిన అరుదైన సందర్భం అది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. సాహిల్ తవోరా ఆఖరు నిమిషాల్లో సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదైంది.

మనదా? ఆ రాత్రి మొదట దిగిన పదకొండు మందిలో తెలుగు నేల మీద పెరిగినవాడు ఒక్కడూ లేడు. కట్టిమణి గోవా, ఆకాశ్ ఉత్తరప్రదేశ్, ఆశిష్ సిక్కిం, చింగ్లెన్సనా మణిపూర్. సంతోషించడానికి ఇదేమీ అడ్డు కాదు. ఎవరి ఊరివాడైనా మన చొక్కా తొడుక్కుంటే మనవాడే. అయితే అట్లా కట్టిన జట్టు డబ్బు మీదే నిలబడుతుంది. డబ్బు ఆగిన రోజున ఎవరూ ఉండరు. సరిగ్గా అదే జరిగింది. 2022–23లో లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జట్టు 2023–24కి వచ్చేసరికి జీతాల బకాయిలు, ఫిఫా ఆంక్షలు, వలసలతో కూలిపోయి 22 ఆటల్లో ఒక్కటే గెలిచింది. తర్వాత యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్పు గెలిచిన మూడున్నరేళ్లకు చొక్కా రంగు కూడా మిగల్లేదు. విశాఖలో మొదలై హైదరాబాద్‌కు వచ్చిన శ్రీనిది దక్కన్ ఐ-లీగ్‌లో 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానం సాధించింది గానీ, దాని గురించి మన టీ కొట్ల దగ్గర తగవు పడ్డవాళ్లను నేను చూడలేదు.

కొనుగోళ్ల గురించి మనవాళ్లలో ఉన్న అపోహ ఒకటి ఇక్కడే తీర్చాలి. ఐపీఎల్ అలవాటు వల్ల ఆటగాణ్ని కొనడమంటే వేలం అనుకుంటారు. ఫుట్‌బాల్‌లో మామూలుగా వేలం ఉండదు. ఒప్పందం గడువు మిగిలి ఉంటే పాత క్లబ్బుకు ఫీజు కట్టి తెచ్చుకోవాలి, గడువు తీరితే ఆటగాడు ఊరికే వచ్చెయ్యొచ్చు. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు బార్సిలోనాకు కట్టిన 22.2 కోట్ల యూరోలు ఆ ఫీజే. 2021లో లిస్టన్ హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు పోయినప్పుడు ఫీజు కోటి రూపాయల దాకా ఉందని, అప్పటికి భారత ఆటగాడికి అదే రికార్డని పత్రికలు రాశాయి.

ఇందులో మన అడవి పల్లెలకు పనికొచ్చే నియమం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఫీజుతో మారితే ఆ ఫీజులో 5 శాతం అతన్ని పన్నెండేళ్ల నుంచి ఇరవై మూడేళ్ల మధ్య తయారు చేసిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. పన్నెండు నుంచి పదిహేను మధ్య ఒక్కో ఏడాదికి ఫీజులో పావు శాతం, ఆ పైన ఏడాదికి అర శాతం. యూరప్‌లో పల్లెటూరి క్లబ్బులు ఈ డబ్బుతో మైదానాలు బాగు చేసుకున్న సందర్భాలున్నాయి. కానీ తయారు చేసినవాళ్లు నమోదైన క్లబ్బు అయి ఉండాలి, కుర్రాడి పేరు ఆ ఏళ్లలో ఆ క్లబ్బు కింద రికార్డులో ఉండాలి. ఆశ్రమ పాఠశాల పీఈటీ సారు ఎంత చెమటోడ్చినా కాగితం మీద ఆయన ఎవరూ కాదు.

ఇప్పుడు మూడో ప్రశ్నకు, కుర్రాళ్ల దగ్గరికి వద్దాం. దీని మీద రాసేవాళ్లు తక్కువ, చూడాల్సింది ఎక్కువ.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు పోతే భద్రాచలం. దారిలో సింగరేణి బొగ్గు, విద్యుత్ కేంద్రం, సారపాక కాగితం మిల్లు. గోదావరి వంతెన దాటితే దుమ్ముగూడెం, చర్ల, ఆ పైన ఛత్తీస్‌గఢ్. కోయ గుంపులు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) నడిపే ఆశ్రమ పాఠశాలలు. 2014లో పోలవరం పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాక ఒకే చుట్టరికం ఉన్న పిల్లలు రెండు రాష్ట్రాల సెలక్షన్లకు పంచబడ్డారు. ఈ పిల్లల్లో ఊపిరి ఉంది, కాళ్లలో బలం ఉంది. రోజూ గుట్టలెక్కి దిగేవాళ్లకు పదో నిమిషంలో రొప్పు రాదు.

వీళ్లు ఆడేది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఫుట్‌బాల్ ఎందుకు కాదంటే కారణం పెద్ద రహస్యమేమీ కాదు, నేల కొలిస్తే చాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. పూర్తి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్లు, 68 మీటర్లు. అంటే ఎకరం ముప్పై గుంటల చదును నేల. అటవీ శాఖ హద్దురాయి ఒకపక్క, పోడు చేను ఒకపక్క ఉన్న గుంపులో అంత చదును ఎవరిస్తారు? రెండు వెదురు బొంగులు పాతి వల కడితే వాలీబాల్ సిద్ధం.

ఒక ఆశ్రమ పాఠశాల ముంగిట సాయంత్రం వేళ ఒకసారి నిలబడి చూడండి. అన్నం గంట కొట్టేలోపు పిల్లలు రెండు వైపులా చెప్పులు పెట్టి గోల్ పోస్టులు చేసుకుంటారు. బంతి మాత్రం వాలీబాలే. ఒకడు వట్టి కాలితో దాన్ని గాల్లోకి లేపి ఛాతీ మీద ఆపి, కింద పడనియ్యకుండా ఎడమ కాలితో పక్కవాడికి ఇస్తాడు. వరండాలోంచి పీఈటీ సారు కేక: "ఒరేయ్, తన్నొద్దురా! కుట్లు ఊడిపోతయ్. ఎల్లుండి మనకు జోనల్ మీట్ ఉంది!" సారుదీ తప్పు కాదు. ఉన్నవి రెండు బంతులు. జోనల్ మీట్‌లో లెక్కకొచ్చేది వాలీబాల్ పాయింట్లే. "సారూ, ఒక్కసారి సారూ" అని బతిమాలి, పిల్లలు బంతి ఇచ్చేసి వెళ్లిపోతారు. ఛాతీ మీద బంతి ఆపినవాడి పేరు ఏ రికార్డులోనూ ఎక్కదు.

ఫిఫా తలపెట్టిన స్కూళ్ల కార్యక్రమం కింద దేశమంతటా బడులకు లక్షల్లో ఫుట్‌బాల్‌లు పంచారు. మంచిదే. బంతి తర్వాత నేల, నేల తర్వాత నేర్పే మనిషి, ఆ తర్వాత ఏడాది పొడవునా ఆడటానికి ప్రత్యర్థి కావాలి. మూడోది, నాలుగోది లేకపోతే మొదటిది నెలకు పంక్చరవుతుంది.

కాగితాల గొడవ ఇంకొకటి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో ఆటగాడిగా నమోదు కావాలంటే పుట్టిన తేదీ ధ్రువపత్రం కావాలి. గుంపుల్లో ఇంట్లో కాన్పయిన పిల్లల పుట్టినరోజు బడిలో చేర్చిన రోజున హెడ్‌మాస్టరు రాసిందే. అందుకే మన ఏజెన్సీ బడుల్లో సగం మంది జూన్‌లో పుట్టినవాళ్లే ఉంటారు! పదమూడేళ్లలోపు, పదిహేనేళ్లలోపు అని జల్లెడ పట్టే ఆటలో ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు.

మనకు ఫుట్‌బాల్ రాదు అనడానికి చెప్పే కారణాలను కూడా ఒకసారి తూకం వేద్దాం. క్రికెట్ మింగేసిందంటారు. కేరళ, బెంగాల్, గోవాల్లో క్రికెట్ చూడరా? పైగా భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిషను చూడండి. 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో 309 పరుగులు, 7 వికెట్లు, టోర్నీలో అత్యుత్తమ క్రీడాకారిణి. ఆ స్థాయికి చేరడానికి ఆ కుటుంబం హైదరాబాద్‌కు తరలాల్సి వచ్చింది. క్రికెట్ కూడా భద్రాచలంలో ఏమీ నిలబెట్టలేదు, ఉన్న బిడ్డను తీసుకుపోయిందంతే. ఇక ఒడ్డూ పొడుగూ లేవంటారు. హబీబ్ ఎంత పొడుగని? ఈ వాదన మీద ఇంకో వాక్యం కూడా దండగ. చూసేవాళ్లు లేరంటారు. 2025 డిసెంబరు 13న మెస్సీ, సువారెజ్, డిపాల్ ఉప్పల్ స్టేడియానికి వచ్చిన సాయంత్రం వేలకు వేలు టికెట్లు కొని వెళ్లారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు తొడుక్కుని దిగారు. చూసేవాళ్లకు కొదవ లేదు, ఎటొచ్చీ ఆ జనంలో చాలామంది తమ జిల్లా జట్టు ఏ రంగు చొక్కా వేసుకుంటుందో చెప్పలేరు.

గిరిజన పిల్లలకు ఈ ఆట ఎక్కదు అనేవాళ్లకు జవాబు మన పక్కనే ఉంది. నిజామాబాద్ జిల్లా లంబాడా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను తీసుకుంది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి లీగ్ గెలిచింది. 2025లో అఖిల భారత సమాఖ్య ఏటి మేటి క్రీడాకారిణి అవార్డు ఆమెదే. స్పెయిన్ ఆటగాడు లామిన్ యమాల్ ఏ వీధిలో పెరిగాడో చెప్పగలిగే మన అభిమానులు సౌమ్య ఏ స్థానంలో ఆడుతుందో చెప్పలేరు. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఛత్తీస్‌గఢ్‌ది. అబూజ్‌మఢ్ అంచున నారాయణపూర్‌లో 1985 నుంచి నడుస్తున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఆదివాసీ పిల్లలకు చదువుతో పాటు ఫుట్‌బాల్ నేర్పుతోంది. 2024లో దేశంలోని ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల జాతీయ పోటీలు ఆ ఆశ్రమం మైదానంలోనే జరిగాయి. మన దుమ్ముగూడెం అడవికీ ఆ అడవికీ మధ్య రాష్ట్రం గీత తప్ప వేరే అడ్డం లేదు. అక్కడ అయింది ఇక్కడ కాలేదంటే లోపం అడవిలో వెతకడం అనవసరం.

ఖాకీ సంగతి మళ్లీ వస్తుందన్నాను. సరిహద్దు మండలాల్లో ఆదివాసీ యువతకు దగ్గరయ్యేందుకు పోలీసులు ఏటా వాలీబాల్ కిట్లు పంచుతారు, టోర్నమెంట్లు పెడతారు. భోజనాలు, బహుమతులు, ఫొటోలు ఉంటాయి. ఒకప్పుడు ఇదే శాఖ హైదరాబాద్‌లో కుర్రాళ్లకు బంతితో పాటు కొలువు ఇచ్చి దేశాన్ని గెలిచే జట్టును కట్టింది. ఇప్పుడు బంతి ఇస్తోంది, కొలువు ఇవ్వడం లేదు. 2024లో బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ సిరాజ్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. వాళ్లు అర్హులే, కాకపోతే వాళ్లు అప్పటికే శిఖరం ఎక్కినవాళ్లు. జట్లను పుట్టించేది కింది మెట్టు మీద ఇచ్చే కానిస్టేబుల్ కొలువు. 2024 డిసెంబరు 31న మన గచ్చిబౌలిలోనే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్ 1–0తో కేరళను ఓడించింది. ఆఖరు క్షణాల్లో గోల్ కొట్టిన రబి హంస్దా సంతాల్ కుర్రాడు, ఆ టోర్నీలో 12 గోల్స్ చేశాడు. గెలిచి ఇంటికి పోయిన ఆ జట్టు కుర్రాళ్లకు అక్కడి ప్రభుత్వం పోలీసు ఉద్యోగాలిచ్చింది. రహీం నాటి హైదరాబాద్ పద్ధతి ఇంకా పనిచేస్తోంది. మన దగ్గర మాత్రం లేదు.

మరి ఏం చేయాలి? స్టేడియాల మాట నేనెత్తను. ఖమ్మంలో సర్దార్ పటేల్ స్టేడియం ఉంది, కొత్తగూడెంలో సింగరేణి వాళ్ల ప్రకాశం స్టేడియం ఉంది, పాల్వంచ మండలం కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల ఉంది. కట్టడాలు చాలు. ఈ మూడు చోట్లనూ కలిపే లీగ్ ఒకటి కావాలి, ఏడాదికి ఒక రోజు సెలక్షన్ కాకుండా నాలుగైదు నెలలు వారం వారం ఆట నడవాలి. సింగరేణి, కాగితం మిల్లు, పోలీసు శాఖ తలా ఒక జట్టును పోషించాలి. కిన్నెరసాని బడి ఒక క్లబ్బుగా నమోదు కావాలి, అక్కడి పిల్లల పేర్లు సమాఖ్య రికార్డులోకి ఎక్కాలి. ఇవి చేసేది ఐటీడీఏ, జిల్లా సంఘం. వాళ్లను అడగాల్సింది మనం.

మనమే చేసేది కూడా ఒకటుంది. మలప్పురంలో ఏడుగురి ఫుట్‌బాల్ వరి కోసిన మళ్లలో పుట్టి, ఇప్పుడు కేరళ అంతా పాకింది. దానికి ఎకరం ముప్పై గుంటలు అక్కర్లేదు, అందులో సగం చాలు. మన దగ్గరా వరి కోతలయ్యాక పొలాలు ఖాళీగానే ఉంటాయి, సంక్రాంతికి ఊరూరా టోర్నమెంట్లు పెట్టే కుర్రాళ్లున్నారు, చందాలిచ్చే పెద్దలున్నారు. టీ కొట్టు దగ్గర గ్లాసులు పేర్చి 3-4-3 చూపించే తమ్ముళ్లారా, వచ్చే సంక్రాంతికి మీ ఊళ్లో కబడ్డీ, వాలీబాల్ పక్కన పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఏడుగురి ఫుట్‌బాల్ ఒకటి పెట్టండి. ఆశ్రమ పాఠశాలల జట్లను పిలవండి, ఆడపిల్లల జట్లకు వేరే కప్పు పెట్టండి, రాను పోను ఆటో కిరాయి మీరే భరించండి. ఆడిన ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాసి జిల్లా సంఘానికి ఒక నకలు ఇవ్వండి.